నవ్విస్తూ అడిగే ప్రశ్నలు



సోమవారం రాత్రి వచ్చిందంటే అమలాపురంలో మా ఇంట్లో కొన్నేళ్ళపాటు ఒక లెక్క ఉండేది. వంటింటి గట్టు తుడవడం అయినా కాకపోయినా సరే, భోజనాలు మాత్రం తొమ్మిదింటికల్లా అయిపోవాలి. మా అత్తగారు పడక్కుర్చీ టీవీ ఎదటికి జరిపించుకుని, "ఆలీ వచ్చేశాడా?" అని అడిగేవారు, వీధి చివర ఇంటి కుర్రాడి గురించి అడిగినట్టు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే వరస అయి ఉంటుంది. ఈటీవీలో 2016లో మొదలై 2022 దాకా సాగిన 'ఆలీతో సరదాగా' గురించి ఇవాళ మీతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను. ఎప్పుడో ఆగిపోయిన కార్యక్రమం సంగతి ఇప్పుడెందుకమ్మా అంటారేమో! దాన్ని చూసి చూసి నేనొక పొరపాటు చేశాను. అది చెప్పుకోవాలి.

ముందు ఆ మనిషి సంగతి. ఆలీగారు మనకి పరాయివారు కారు. మన గోదారికి ఎగువనున్న రాజమండ్రిలో, బట్టలు కుట్టే దర్జీ ఇంట పుట్టారు. 1981లో వచ్చిన భారతీరాజాగారి 'సీతాకోకచిలుక'లో చిన్నపిల్లాడిగా కనిపించారు. 1994లో ఎస్.వి. కృష్ణారెడ్డిగారి 'యమలీల'తో కథానాయకుడయ్యారు. వందలకొద్దీ సినిమాల్లో మనల్ని నవ్వించారు. గోళీలాడుకునే వయసులోనే మొహానికి రంగేసుకున్నవారు కాబట్టి, ఎదుటి కుర్చీలో కూర్చునే పెద్దవాళ్ళలో ఎంతోమంది ఆయన్ని నిక్కర్ల నాటినుంచీ ఎరుగుదురు. వాళ్ళ కంటికి ఆయన విలేఖరి కాదు. మనవాడు, నవ్వించేవాడు. నవ్వించేవాణ్ణి చూసి ఎవరూ జాగ్రత్తపడరు కదండీ.

అక్కడే ఉంది కీలకం. చేదుమందుని అరటిపండు ముక్కలో పెట్టి పిల్లాడి చేత మింగిస్తాం చూడండి, అలా రెండు హాస్యాల మధ్య ఒక గట్టి ప్రశ్న పెట్టేవారు. ఎదుటివారు నవ్వుతూనే ఉంటారు, నోరు మాత్రం నిజం చెప్పేస్తుంది. పైగా హాస్యనటుడికి మాట ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఎదుటివాళ్ళ గొంతు వణికినప్పుడు తను ఊరుకుంటే చాలు, మిగిలింది వాళ్ళే చెప్పేస్తారు. ఈ ఊరుకోవడం మాత్రం చాలా కష్టమైన విద్య. మనలో ఎంతమందికి వచ్చునో నాకు అనుమానమే!

2022లో అశ్వనీదత్, అల్లు అరవింద్ వంటి పెద్ద నిర్మాతలు కూడా వచ్చి కూర్చున్నారు. బాగానే ఉన్నాయి ఆ వారాలు. కాని మా అత్తగారికీ నాకూ నచ్చినవి వేరు. వదినగా, పనిమనిషిగా, గయ్యాళి అత్తగా వేసి, మనకి మొహం తెలిసి పేరు తెలియకుండా ఉండిపోయిన ఆడవాళ్ళు వచ్చిన వారాలు. "అయ్యో, ఈవిడ ఇంకా ఉందీ!" అని మా అత్తగారు ముందుకి వంగేవారు. వేషాలు తగ్గాక ఎలా గడిచింది, ఎవరు పలకరించారు, ఎవరు మొహం చాటేశారు... ఇవన్నీ వింటూంటే సినిమా కబుర్లలా ఉండేవి కావు, మన ఇళ్ళల్లో సంగతుల్లాగే ఉండేవి.

ఇక్కడో మాట చెప్పాలి. అదే రాజమండ్రిలో పుట్టిన మన రాజబాబుగారు కూడా తన పుట్టినరోజు వచ్చిందంటే పాతతరం నటీనటుల్ని పిలిచి సత్కరించేవారు. నవ్వించేవాళ్ళకే ఇలాంటి బుద్ధి ఎందుకు పుడుతుందో మరి! తెర మీద ఎప్పుడూ కథానాయకుడి పక్కనే నిలబడ్డవాడికి, పక్కన నిలబడ్డ మిగతావాళ్ళు కూడా కనిపిస్తారు కాబోలు.

ఇలాంటి కార్యక్రమాలకి మన దేశంలో దారి వేసింది మాత్రం ఒక ఆడమనిషి. తబస్సుమ్ గారని, హిందీలో బాలనటిగా పేరు తెచ్చుకున్నావిడ. బొంబాయి దూరదర్శన్‌లో 1972 నుంచి 1993 దాకా, అంటే ఇరవై యేళ్ళకి పైగా, సినిమావాళ్ళని నవ్వుతూ నవ్విస్తూ పలకరించారు. ఛలోక్తులకి పెట్టింది పేరు. 'గృహలక్ష్మి' అనే హిందీ ఆడవాళ్ళ పత్రికకి సంపాదకురాలిగా కూడా పనిచేశారు. 2022 నవంబరులో కన్నుమూశారు.

అయితే అన్నీ మెచ్చుకోవలసినవే అనను. ఆలీగారి కార్యక్రమం రేపనగా టీవీలో వేసే ప్రకటనలో చాలాసార్లు కన్నీళ్ళ ముక్కే ముందు చూపించేవారు, వెనక సన్నటి వయొలిన్ పెట్టి. గంటసేపు నవ్విన మనిషిని ఆ అరనిమిషం ఏడుపు కోసమే పిలిచినట్టుండేది. అలాగే సినిమా వేడుకల్లో కథానాయికల మీద ఆయన విసిరిన కొన్ని ఛలోక్తుల్ని జనం తప్పుపట్టారు. న్యాయమే. సరదాకి అన్నానంటే సరిపోదు, విన్న మనిషికి కూడా సరదాగా ఉండాలి.

ఆ మాటకొస్తే మనం మాత్రం తక్కువ తిన్నామా? పేరంటంలో తాంబూలం ఇస్తూ, "ఏమ్మా, ఇంకా ఏ విశేషమూ లేదా? మీ ఆయన్నేమన్నా అడగమంటావా?" అని నలుగురిలో నవ్వుతూ అంటాం. ఆ పిల్ల కూడా నవ్వుతుంది. ఇంటికెళ్ళి ఏంచేస్తుందో మనకి తెలీదు.

ఇక నా పొరపాటు. రేడియోలో స్త్రీల కార్యక్రమానికి అప్పుడప్పుడు నేను ముఖాముఖీలు చేస్తూంటాను కదా. మూడేళ్ళ కిందట రాజోలు వైపునుంచి ఒక మామ్మగార్ని పిలిచాను. వయసులో ఉండగా తీర్థాల్లో, జాతర్లలో 'సత్యహరిశ్చంద్ర' ఆడితే చంద్రమతి వేషం ఆవిడదే. నేను ఆలీగారి పద్ధతి ఒంటబట్టించుకున్నాననే ధీమాలో ఉన్నాను. రెండు హాస్యాలాడాను, ఆవిడ పకపకా నవ్వారు. అప్పుడు, "మామ్మగారూ, చంద్రమతై ఊళ్ళకి ఊళ్ళని ఏడిపించారు. మరి మిమ్మల్ని ఏడిపించినవాళ్ళెవరండీ?" అన్నాను.

ఆవిడ నవ్వు సగంలో ఆగింది. నేను ఊరుకున్నాను, నేర్చుకున్న విద్య కదా! ఆవిడ చెప్పడం మొదలెట్టారు. భర్త ఆవిడ సంపాదనంతా పట్టుకెళ్ళిపోవడం, ఇద్దరు పిల్లలతో సత్రంలో తలదాచుకోవడం, అన్నీ చెప్పి ఏడ్చారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు జాలికంటే ముందు, 'చాలా బాగా వచ్చింది' అనే అనిపించింది. అది ప్రసారమైంది. విన్నవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు కూడాను.

పది రోజుల తరవాత ఆవిడ కోడలు ఫోను చేసింది. "మా అత్తగారు వీధరుగు మీదకి రావడం మానేశారండి" అంది. నలభై యేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వని సంగతట. మనవలు కూడా రేడియోలోనే విన్నారట. వచ్చినవాళ్ళందరూ ఓదార్చడమేనట.

ఆత్రేయపురం పూతరేకులు పొట్లం కట్టించుకుని రాజోలు బస్సెక్కాను. ఆవిడ నన్నేమీ అనలేదు. మంచినీళ్ళిచ్చి, కాసేపు ఊరుకుని అన్నారు: "నేనూ చూసేదాన్నమ్మా ఆలీని. ఆళ్ళు చెప్పుకుని కారెక్కి ఎల్లిపోతారు. నేను చెప్పుకుని ఈ అరుగు మీదే కూచోవాల గదా."

నా దగ్గర జవాబు లేదు. ఆ పూతరేకులు కూడా ఇవ్వబుద్ధి కాలేదు, అక్కడే పెట్టి వచ్చేశాను.

అప్పటినుంచి రికార్డింగు మొదలెట్టే ముందే అడిగేస్తున్నాను, ఏ సంగతి ఎత్తవద్దో చెప్పమని. ముక్కలో రుచి తగ్గుతోందని మావాళ్ళు అంటున్నారు. తగ్గుతోంది, ఒప్పుకుంటాను.

కిందటి సంక్రాంతి ముందు మామ్మగార్ని మళ్ళీ పిలిచాను, ఈసారి పద్యాల కోసం. వస్తారనుకోలేదు. జరీ అంచు చీర కట్టుకుని వచ్చారు. మైకు పెట్టేముందు ఎప్పటిలాగే అడిగాను. కాసేపు ఆలోచించి, "ఒక్కటేనమ్మా. నా వయసడక్కు. ఆ ముక్క ఇప్పటికి మూడు రకాలుగా చెప్పాను, నాలుగోది దొరకట్లేదు" అన్నారు.

అడగలేదు. సెలవు.