మోటారు బండిలో స్వరతీగ త్రోవ



మహాశివరాత్రినాడు నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండ తిరునాళ్లకు పోనివారు పల్నాటిసీమలో అరుదు. ఆ ప్రభల విద్యుద్దీపములును, జనరేటర్ల హోరును మీరెరిగినవే. కొన్నియేండ్ల క్రిందట అచ్చట నొక జీపుపై మైకు నమర్చి, తప్పిపోయిన పిల్లవానిని గూర్చి ప్రకటన చేయుచుండిరి. ఇంజను నడచుచున్నంతసేపు లౌడుస్పీకరునుండి కూయుమను రొదయే గాని, పిల్లవాని పేరు తెలియలేదు. ఇంజను నాపిన పిమ్మట మాట తేటపడెను. తండ్రి పరుగున వచ్చెను. ఆ రొద యెక్కడిదో తెలిసికొనవలెనని నాకప్పుడే పట్టుదల కలిగినది.

ఇంజను తిరుగునప్పుడు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుచుండును. అది పుట్టించు విద్యుత్తు సమముగా నుండక సన్నని అలలతో వచ్చును. వేగము హెచ్చినకొలది రొద స్థాయియు హెచ్చును. తీగలోని విద్యుత్తు మారినపుడు చుట్టునున్న అయస్కాంతశక్తియు మారి, ప్రక్కతీగలో విద్యుత్తును పుట్టించును. 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్న ధర్మమిదియే. స్వరమును మోయు తీగలోని విద్యుత్తు మిక్కిలి స్వల్పము. బ్యాటరీనుండి ఆంప్లిఫయరునకు పోవు లావుతీగలోనిది బలవత్తరము. సాగరు కుడికాలువ కట్టనానుకొన్న చేనిలోనికి ఊట దిగినట్లే యనుకొనుడు. ఉపమానము పూర్తిగా సరిపోదు గాని, దూరమున్న చేనికి బాధ తక్కువయన్నమాట నిజము.

కావున లావుతీగను బండికి ఒక ప్రక్కనుండియు, స్వరతీగను రెండవ ప్రక్కనుండియు పోనీయవలెను. రెంటిని ఒకే కట్టగా చుట్టుట పనివారి యలవాటు. కంటికి ముచ్చట, చెవికి శిక్ష. దాటక తప్పనిచో అడ్డముగా, మూలమట్టమునకు సరిపోవునట్లు దాటింపవలెను. పెనవేసిన జంటతీగలో ఒక మెలికయందు పుట్టిన దోషమును తరువాతి మెలిక చాలవరకు తీర్చును. లోహపు టల్లిక తొడుగు కొంత కాపాడును గాని, ఇట్టి దోషమునకు దూరమే మేలు. లావుతీగకు బ్యాటరీచెంతనే ఫ్యూజు నుంచుట మరువరాదు. అది రొదకొరకు గాదు, అగ్నిభయమునకు.

ఇంత చేసినను రొద మానని బండ్లు గలవు. అప్పుడు ఎర్తును చూడవలెను. బండి ఇనుపశరీరమే విద్యుత్తు బ్యాటరీకి మరలు దారి. పాటపెట్టె నొకచోటను, ఆంప్లిఫయరు నింకొకచోటను ఇనుమునకు తగిలించినచో, ఆ చోట్ల నడుమనున్న స్వల్పభేదము స్వరతీగ తొడుగుగుండ పారి రొదయగును. రంగు గీకి, మెరయు ఇనుమునకు, పొట్టి లావుతీగతో, వీలైనంత ఒకేచోట బిగింపవలెను. త్రుప్పుపట్టిన బోల్టు పనికిరాదు.

దోషమెచ్చటనో తెలియుటకు, ఆంప్లిఫయరు నాపి స్వరతీగ నూడదీసి, మరల వెలిగించి ఇంజను నడుపుడు. రొద పోయినచో దోషము స్వరతీగ త్రోవనో, పాటపెట్టెయందో యున్నది. పోనిచో ఆంప్లిఫయరును, దాని ఎర్తును శోధింపుడు.

మరుసటి తిరునాళ్లకు ఆ జీపువారు మైకుతీగను ఎడమప్రక్కకు మార్చిరి. ఇంజను నాపకయే పేర్లు చదివిరి.