టెన్నిసు ఆటస్థలము – అందుకు వలయు సామగ్రి



గ్రామములలోని పెద్దలను ఉద్దేశించి టెన్నిసు ఆటస్థలమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరినారు. కోర్టు అను మాట వినగానే మన పెద్దలకు దావాలును, వకీళ్లును, వాయిదాలును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈ కోర్టులో కూడ రెండు పక్షములు కలవు. వానినడుమ ఒక వల మాత్రమే యుండును. తీర్పు ఆ సాయంకాలమే వెలువడును. ఖర్చు విషయమున మాత్రము, జాగ్రత్త పడనిచో, ఆ కోర్టునకు ఇది తీసిపోదు.

ఊరి పిల్లలు మీ యొద్దకు వచ్చినపుడు మొదట అడుగునది రాకెట్లు. మెరయుచుండు ఆ వస్తువులను కొనిపెట్టిన, పిల్లలకు సంతోషము, ఇచ్చినవారికి పేరు. నేల సంగతి ఎవరును అడుగరు. నేనును ఒకప్పుడు అడుగలేదు. అందుచేత ఏమి జరిగినదో ముందుగా మనవి చేసెదను.

1981లో నేనొక గ్రామమున ఉపాధ్యాయుడుగా ఉంటిని. కళాశాలలో నాలుగేండ్లు టెన్నిసు ఆడిన గర్వము నాకుండెను. ఊరి పెద్దలు చెరువుగట్టు ప్రక్క కొంత స్థలమిచ్చి, చందాలు వసూలు చేసి, “మీకు తెలిసిన పని, మీరే చేయించుడు” అని డబ్బు నాచేతిలో పెట్టిరి. ఆ స్థలము తూర్పుపడమరలుగా పొడవైనది. స్థలమెట్లున్నదో కోర్టును అట్లే వేయించితిని. వాననీరు నిలువకుండుటకై రోడ్డువలె నడుమ ఎత్తు చేసి, రెండువైపులకు వాలు పెట్టించితిని. మిగిలిన డబ్బుతో పట్టణమునుండి మంచి రాకెట్లు తెప్పించితిని. ప్రారంభోత్సవము ఘనముగా జరిగినది.

పిల్లలు బడి విడిచిన తరువాత గదా ఆడవలసినది! అయిదు గంటలకు సూర్యుడు పడమట దిగుచుండగా, తూర్పుకొసన నిలిచినవారికి ఎండ నేరుగా కన్నులలో పడుచుండెను. వలకు ఆవలనుండి వచ్చు బంతి వారికి కనబడదు. ఎండ కన్నులలో పడుట ఆటలో ఒక భాగమేనని నేను నచ్చజెప్పుచుంటిని. పదునాలుగేండ్ల బాలిక యొకతె, ఎడమచేతివాటముది, అందరికన్న చురుకుగా నేర్చుకొనుచున్నది, ఒకనాటి సాయంకాలము అట్లే నిలిచి బంతిని చూడజాలక కనుబొమ్మపై దెబ్బ తిన్నది. కుట్లు పడినవి. కన్ను దక్కినది. ఆమె తల్లి మరునాడు రాకెట్టు తెచ్చి నా అరుగుమీద పెట్టి, ఒక్క మాటయైన అనక వెళ్లిపోయినది. ఆ పిల్ల మరల ఆడలేదు. ఆమెతోపాటు తక్కిన ఆడపిల్లలును మానిరి.

ఆ సంవత్సరము వానలకు కోర్టు రెండు కొసల నీరు నిలిచి, నేల బురదయై, పిమ్మట నెఱ్రెలు విచ్చినది. ఒక ముసలి రైతు గట్టుమీద నిలువబడి చూచి నాతో ననెను: “పంతులుగారూ, ఇది కళ్లం పనే కదండీ. మమ్మల్ని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాళ్లం.”

ఆయన చెప్పినది అక్షరాల నిజము. మట్టి టెన్నిసు కోర్టనగా, కొలతలు గీసిన కళ్లము. తడిపి, త్రొక్కించి, చదును చేసి, పేడతో అలుకుట మీకు నేను నేర్పవలసినది కాదు. నాకు తెలిసినవి కొలతలు, దిక్కులు మాత్రమే. వానిని చెప్పెదను.

మొదటిది దిక్కు. కోర్టు పొడవు ఉత్తరదక్షిణములుగా ఉండవలెను. అపుడు ఉదయసాయంకాలముల ఎండ ఆటగాండ్రకు ప్రక్కనుండి వచ్చును. బంతిని పైకెగురవేసి కొట్టువాడు తలయెత్తి ఆకాశమును చూడక తప్పదు; వానికిది మఱింత ముఖ్యము. దానము వచ్చిన స్థలము అడ్డముగా ఉన్నచో, ఇంకొక స్థలమునకై ఒక ఏడాది ఆగుట మేలు.

రెండవది వైశాల్యము. ఆటకు గీయు గీతలు, ఇద్దరిద్దరు చేరి ఆడునపుడు, 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. ఇది ఆరున్నర సెంట్లకు లోపే. కాని బంతి వెనుక పరుగెత్తువారికి గీతల వెలుపల చోటు కావలెను. వెనుక ఒక్కొక్కవైపు 21 అడుగులు, ప్రక్కల 12 అడుగుల చొప్పున విడిచినచో మొత్తము 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు అగును. అది పదునారున్నర సెంట్లు. తెలంగాణమువారి లెక్కలో ఆరున్నర గుంటలకు పైచిలుకు. వెలుపలి పది సెంట్లును వృథా యని తలచి అందులో చెట్లు నాటుటగాని, గోడ దగ్గరకు జరుపుటగాని చేయుదురు. పరుగున వచ్చిన పిల్లవాడు గోడకు తగిలిన తరువాత ఆ లెక్క బోధపడును.

మూడవది వాలు. కోర్టంతయు ఒకే పలకవలె ఒకవైపునకే వాలవలెను. ఒక ప్రక్కనుండి ఎదుటి ప్రక్కకు వాలుట శ్రేష్ఠము. నడుమ ఎత్తుగాని, వలవైపు పల్లముగాని ఉండరాదు. మట్టి కోర్టునకు 24 మొదలు 30 అడుగులకు ఒక అంగుళము వాలు చాలును. అనగా 60 అడుగుల వెడల్పునకు రెండు, రెండున్నర అంగుళములు. కంటికి ఆ వాలు కనబడదు. తాపీపనివారి నీటిగొట్టముతో చూచుకొనవలెను. పల్లపుప్రక్కన చిన్న కాలువ త్రవ్వుట మరువరాదు.

ఇక నేల. ఈ ఆట 1870 ప్రాంతపు ఇంగ్లండులో పచ్చికమీద పుట్టినది. 1874లో వింగ్‌ఫీల్డు అను సైనికోద్యోగి దీనికి హక్కుపత్రము పొందెను. ఆయన కోర్టు నడుమ సన్నమై డమరుకమువలె నుండెడిది. 1877లో వింబుల్డనునందు మొదటి పోటీ జరిగినపుడు 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు గల నలుచదరపు కోర్టు ఏర్పడినది. ఇద్దరాడు ఆటకు ఆ కొలతలే నేటికిని నిలిచియున్నవి. పారిసులోని ఎర్రకోర్టులు సున్నపురాతి పొడిమీద ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుకపొడి చల్లినవి. అమెరికావారు తమ పెద్దపోటీని 1978లోను, ఆస్ట్రేలియావారు 1988లోను రంగుపూత పూసిన గట్టి నేలకు మార్చిరి. పట్టణములలో నేడు చూచునవి ఎక్కువగా ఇట్టివే. కాంక్రీటుమీద రంగు పూసిన కోర్టు చూడ సొంపుగానే యుండును. కాని నల్లరేగడి నేలపై పునాది సరిగా లేక వేసినచో వేసవిలో పగుళ్లు వచ్చును. పగిలిన కాంక్రీటును ఊరిలో ఎవరును బాగుచేయజాలరు. మట్టినైతే ఎవరైనను బాగుచేయగలరు.

పేడ అలికిన కోర్టు అనిన చిన్నతనముగా భావించువారు కలరు. దక్షిణదేశమున పాత కోర్టులు చాలవరకు అట్టివే. 2015లో వింబుల్డను స్త్రీల జంటపోటీ గెలిచిన సానియా మీర్జా హైదరాబాదున పెరిగినది. తాను మొదట ఆడినది పేడ అలికిన కోర్టులమీదనే యని ఆమెయే చెప్పియున్నది.

మా రెండవ కోర్టును 1984లో ఆ ముసలి రైతు సలహాప్రకారము వేసితిమి. నల్లమట్టిని మూరెడు లోతు తీసివైచి, అడుగున ఇటుకముక్కలు, కంకర పరచి, దానిపై గ్రావెలు పోసి, తడిపి, రాతి రోలరు లాగించితిమి. పైన జల్లించిన ఎర్రమన్ను, కొంచెము బంకమన్ను కలిపి మూడంగుళముల మందమున పరచి, మరల తడిపి, మరల లాగించితిమి. పూర్తిగా తడియారక పూర్వమే రోలరు లాగవలెను. మరీ పచ్చిగా ఉన్నపుడు లాగిన మట్టి రోలరునకు అంటుకొని లేచివచ్చును. ఏ ఘడియ సరియైనదో ఆయన మడమతో నొక్కి చూచి చెప్పెడివాడు. నాకు ఆ విద్య నేటికిని పట్టుబడలేదు. చివరకు పలుచని పేడనీటితో అలికితిమి. చిక్కగా అలికినచో ఎండి పెచ్చులూడును.

గీతలు గీయునపుడు మొట్టమొదట వల ఉండుచోట తాడు కట్టుడు. దానిపై 27 అడుగుల ఎడమున రెండు మేకులు పాతుడు. ఒక మేకునుండి నిలువుగా 39 అడుగులు, రెండవ మేకునుండి ఐమూలగా 47 అడుగుల అయిదుంబావు అంగుళములు కొలిచినపుడు, ఆ రెండు టేపులును కలిసినచోట మూల వచ్చును. నాలుగు మూలలు ఇట్లే సాధింపవలెను. మూలమట్టమునకు మూడు, నాలుగు, అయిదు లెక్క తెలిసిన తాపీమేస్త్రి కిది ఆటవలె నుండును. జంటల ఆటకై ప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున చేర్చుడు. వలకు 21 అడుగుల దూరమున, రెండువైపుల, సర్వీసు గీత. గీతలు రెండంగుళముల వెడల్పు చాలును. వెనుక గీత నాలుగంగుళములవరకు ఉండవచ్చును. అన్నియు సున్నముతోనే.

వల స్తంభములు జంటల గీతకు మూడడుగులు వెలుపల నుండును. కనుక వల పొడవు 42 అడుగులు. ఎత్తు స్తంభములయొద్ద మూడున్నర అడుగులు, నడుమ మూడడుగులు. నడుమ ఎత్తు తగ్గునట్లు ఒక పట్టీతో నేలకు లాగి కట్టుదురు. పూర్వము రాకెట్టును నిలువుగా పెట్టి, దానిపై ఇంకొక రాకెట్టు తలను అడ్డముగా నుంచి కొలుచుట వాడుక. 27 అంగుళములును, 9 అంగుళములును కలిసి సరిగా 36. నేటి రాకెట్ల తల వెడల్పు పెరిగినది. ఆ లెక్క తప్పును. మూడడుగుల వెదురుకఱ్ర ఒకటి కోసి స్తంభమునకు కట్టియుంచుడు.

ఇప్పుడు బంతి. పచ్చని పసుపుబంతి 1972లో నియమములలోనికి వచ్చినది, దూరదర్శనమున బాగుగా కనబడుటకై. వింబుల్డనువారు 1986వరకు తెల్లబంతిని విడువలేదు. బంతి మంచిదో కాదో దుకాణములోనే తెలిసికొనవచ్చును. 100 అంగుళములు, అనగా ఎనిమిదడుగుల నాలుగంగుళముల ఎత్తునుండి గచ్చుమీద విడిచినచో 53 మొదలు 58 అంగుళములవరకు ఎగురవలెను. అనగా ఎదిగిన మనిషి భుజములవరకు రావలెనన్నమాట. గాలి బిగించిన డబ్బాలో వచ్చు బంతులు మూత తీసిన కొలది వారములలో చప్పబడును. గాలి ఒత్తిడితో పనిలేక రబ్బరు బలముతోనే ఎగురునవియు కలవు. అవి కొంచెము బరువుగా తోచినను నెలల తరబడి పనిచేయును. ఊరి నిధితో కొనువారు వీనిని అడిగి కొనుట మంచిది.

రాకెట్టు సంగతి క్లుప్తముగా ముగించెదను. పెద్దల రాకెట్టు పొడవు 27 అంగుళములు. పిల్లలకు 19 మొదలు 26 అంగుళములవరకు పొట్టివి దొరకును. “ఎదుగు పిల్లవాడు గదా, పెద్దదే కొందము” అని చొక్కావలె కొనరాదు. మోయలేని రాకెట్టు మణికట్టును, మోచేతిని చెరచును. పెద్దలు పిడి చూచుకొను విధమిది: పట్టుకొన్నపుడు వ్రేళ్లకొసలకును, అరచేతికిని నడుమ రెండవచేతి చూపుడువ్రేలు పట్టవలెను. తంతులు పూర్వము పశువుల ప్రేగులతో చేసెడివారు. నేటికిని కొన్ని అట్లే చేయుదురు. అభ్యంతరము గలవారు నైలాను తంతులు అడుగవచ్చును. నేర్చుకొనువారికి అవియే చౌక, అవియే మేలు. నేను ఆడినది కొయ్యరాకెట్టు. నేటి అల్యూమినియము రాకెట్టు వానకు వంకరపోదు. మట్టి కోర్టుపై అడుగు చదునైన రబ్బరు బూట్లు తప్ప వేరేవి వలదు. మడమచెప్పులు అలికిన నేలను త్రవ్విపెట్టును.

పది సెంట్లైన లేని ఊరు నిరుత్సాహపడనక్కరలేదు. చిన్నపిల్లలకు 36 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల కోర్టును, మామూలు బంతికన్న చాల నిదానముగా పోవు ఎర్రబంతిని అంతర్జాతీయ సంఘమువారే ఏర్పరచినారు. పదేండ్లలోపు పిల్లల పోటీలలో మామూలు పసుపుబంతిని 2012నుండి నిషేధించినారు. బడి ఆవరణలో రెండు గుంజలు పాతి, 32 అంగుళముల ఎత్తున చేపలవల కట్టిన, ఈ ఆదివారమే ఆట సాగును. పెద్ద కోర్టు ఉన్నచోట కూడ దాని వెడల్పు 36 అడుగులే కనుక, అడ్డముగా రెండుమూడు చిన్న కోర్టులు గీయవచ్చును. అట్లు అడ్డముగా గీసినవి తూర్పుపడమరలగును. కనుక వానిపై పిల్లలను మబ్బు పట్టిన వేళ ఆడించుడు.

చివరగా ఒక ఖర్చు మిగిలియున్నది. మట్టి కోర్టును ప్రతిసాయంకాలము ఊడ్చి, నీరు చల్లవలెను; వారమునకొకమారు రోలరు లాగవలెను; వానకాలము వెళ్లగానే పైమట్టి వేసి మరల అలుకవలెను. మా రెండవ కోర్టు చందాల చిట్టాలో మొదటి పద్దు ఈ పని చేయు మనిషి జీతమే. రాకెట్ల పద్దు ఏడవది. చిట్టా వ్రాసినది ఆ ముసలి రైతు కుమారుడు. ఆటస్థలమునకు కంచె వేయకమునుపే ఆ మనిషికి మూడు నెలల జీతము ముందుగా ఇప్పించినవాడును అతడే.