గ్రహణి: రెండు మందుల వ్యాజ్యము
(యెల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము, గుఢియారీ, రాయపూర్)



  ముందుగా నొక మాట చెప్పుట న్యాయము: నాకు చిరకాలముగా నొక తగవు కలదు, దానిని వినిపించుకొనుటకు ఇంతకంటె యోగ్యమైన వేదిక దొరకదని తలచియే యీ యుపన్యాసపు పిలుపు నంగీకరించితిని.

సుబ్బారావుగారి చరిత్ర మీకు తెలియనిది కాదు. 1895లో భీమవరమున పుట్టుట, 1922లో అమెరికా కేగుట, హార్వర్డులోని నిరాదరణ, లెడర్లె సంస్థలోని వైభవము, 1948 ఆగస్టులో న్యూయార్కున నిద్రలోనే కన్నుమూయుట, ఇవి ప్రతి వక్తయు చెప్పునవే గనుక విడిచెదను. వారితో నాకు గల బాంధవ్యము ఒక్క నీలిరంగు మాత్రమే. విద్యార్థిదశలో నేను నేర్చిన మొదటి పరీక్ష 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. మాంసకృత్తులు తొలగించిన రసములో ఆమ్ల మోలిబ్డేటు పోసి, పిమ్మట క్షయకరణ ద్రావకమును చేర్చినచో, నాళికలో నెమ్మదిగా నీలిమ పుట్టి, భాస్వర మెంత యున్నదో అంతగా చిక్కబడును. నిమిషములు గడచినకొలది రంగు మాఱును గనుక ఒక కన్ను గడియారముపైన, ఒక కన్ను నాళికపైన నుంచవలెను. ఆ నీలము మీది మమకారమే నాలో ఆ మహనీయుని మీది భక్తి యైనది. ఇంతకుమించిన స్తుతి నాకు చేతగాదు.

ఇక తగవు. వారి జయంతికి మన పత్రికలలో వచ్చు వ్యాసముల కన్నిటికి నొకటే మూస. సోదరు లిద్దఱు గ్రహణి రోగమున కొద్ది దినముల తేడాలో మరణించిరట. తామును ఆ వ్యాధి పాలై ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికిరట. ఆ పగ మనసున నుంచుకొని సముద్రములు దాటి, ఫోలిక్ ఆమ్లమును సాధించి, ఆ వ్యాధిని జయించిరట. కథ రమ్యముగ నున్నది. మొదటి రెండు మాటలు నిజములే. మూడవదానితోనే నాకు పేచీ.

ఈ వ్యాధిని ఆంగ్ల వైద్యులు స్ప్రూ అందురు. 1759లో విలియం హిల్లరీ బార్బడోసు ద్వీపమున దీనిని వర్ణించెను. రెండవ ప్రపంచయుద్ధములో బర్మా సరిహద్దున సైనికులను ఇదే పీడించెను. రోగికి పాలిపోయిన, జిడ్డుతేలిన విరేచనములు విస్తారముగ నగును. నాలుక నున్నబడి ఎఱ్ఱనై ఉప్పు తగిలినను మండును. తిన్నది వంటబట్టక, నెలలు గడచులోపల మనిషి ఎముకలగూడగును. చిన్నప్రేవు లోపలిగోడపై నుండు సూక్ష్మమైన కేసరములు కుఱుచబడి చదునగుటచేత పోషకములను పీల్చు శక్తి క్షీణించును. ఫోలిక్ ఆమ్లము కొఱవడును, రక్తము పలుచనగును.

ఫోలిక్ ఆమ్లపు కథయు మీరెఱిగినదే: బొంబాయి మిల్లుకూలీలలో గర్భిణీ స్త్రీల రక్తహీనతకు లూసీ విల్సు ఈస్టు సారముతో చికిత్స చేసి 1931లో ప్రకటించుట, లెడర్లెలో సుబ్బారావుగారి బృందము 1945లో ఆ పదార్థమును కృత్రిమముగా నిర్మించుట, వెంటనే టామ్ స్పైస్ దానిని స్ప్రూ రోగులకిచ్చి అద్భుత ఫలితములను చూపుట. కొద్ది దినములలోనే కొత్త రక్తకణములు పుట్టును, నాలుక మానును, ఆకలి తిరిగివచ్చును. దీనిని చూచినవారు వ్యాధి పోయినదని నమ్ముటలో వింత లేదు.

నా ప్రశ్న యిది: పోయినది వ్యాధియా, వ్యాధి చేసిన అప్పా? ఫోలిక్ ఆమ్లము రక్తమునకు పడిన బాకీని తీర్చుచున్నది. ప్రేవులో తిష్ఠవేసిన ఋణదాతను కదలించుట లేదు. వ్యాధి ముదిరిన రోగులలో రక్తము చక్కబడినను క్రొవ్వును, బి-12ను పీల్చు శక్తి పూర్తిగా తిరిగి రాకుండుట పలుచోట్ల గమనింపబడినది. 1965లో గెర్రా, వీబీ, బేలెస్ అను వైద్యులు ప్యూర్టో రికోలో సూక్ష్మజీవులను అణచు టెట్రాసైక్లిన్‌ను నెలల తరబడి యిచ్చి ప్రేవు కోలుకొనుటను చూపిరి. నేటికిని పుస్తకములలో నుండు చికిత్స రెండు మందుల జంటయే: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్, మూడు నుండి ఆరు నెలలు. ఇచ్చట మన వ్యాసకర్తలు మఱచునది యొకటి కలదు. టెట్రాసైక్లిన్‌కు జనకమైన ఆరియోమైసిన్‌ను మిస్సోరి నేలలోని సూక్ష్మజీవినుండి బెంజమిన్ డగ్గర్ తీసినది సుబ్బారావుగారి పర్యవేక్షణలోని ఆ లెడర్లెలోనే. అది లోకమునకు వెల్లడియైనది వారు మరణించిన 1948లోనే. సోదరుల వ్యాధికి వారు విడిచిపోయిన ఆయుధములు రెండు. మనము ఒకదానికే హారతి పట్టుచున్నాము.

ఆ ఋణదాత ప్రేవులోని సూక్ష్మజీవులే యను నా పక్షమునకు ప్రతివాదులు లేకపోలేదు. వారు సామాన్యులును కారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సెల్విన్ బేకరు, వి.ఐ. మాథన్ గారలు 1960 తరువాత ఉత్తర ఆర్కాటు గ్రామములలో స్ప్రూ మహమ్మారివలె వ్యాపించుటను కన్నులార చూచిరి. ఆ బృందము 1972లో ప్రకటించిన పరిశోధన నా పక్షమునకు గొప్ప దెబ్బ యని నా మిత్రులు తఱచు నాకు గుర్తుచేయుదురు. రోగులచేత, రోగములేని గ్రామస్థులచేత సన్నని గొట్టమును మ్రింగించి, చిన్నప్రేవు పైభాగపు రసమును తోడి, గాలి తగులునట్లును తగులకుండునట్లును పెంచి చూచిరి. ఆరోగ్యవంతుల రసములోను సూక్ష్మజీవులు సమృద్ధిగా నుండెను. రోగులకు వారికి స్పష్టమైన భేదము కనబడలేదు. కావున సూక్ష్మజీవులు నిర్దోషులని తీర్పు.

ఈ తీర్పును నేనంగీకరింపను. మొదటిది, ఉనికి వేఱు, నడవడి వేఱు. కలకత్తాలో శంభునాథ్ డే 1953లోనే కుందేటి ప్రేవును అక్కడక్కడ ముడివేసి, ఆ ముడుల నడుమ కలరా క్రిములను ప్రవేశపెట్టి, ప్రేవు నీటితో ఉబ్బుటను చూపెను. 1959లో క్రిములను వడగట్టి తీసివేసిన ద్రవమే ఆ పని చేయునని నిరూపించెను. అనగా నేరము విషముది, తలల లెక్కది కాదు. 1956లో ఆయన అదే పద్ధతిని, ప్రేవులలో నిత్యనివాసి యని మనమనుకొను కోలై జాతిపైనను ప్రయోగించి, వానిలో కొన్ని తెగలు మాత్రమే దుర్మార్గములని చూపెను. హైతీ, ప్యూర్టో రికో రోగులలో ఫ్రెడరిక్ క్లిప్‌స్టెయిన్ పట్టుకొన్నవియు ఇట్టి తెగలే: క్లెబ్సియెల్లా, ఎంటెరోబాక్టర్, కోలై, విషము స్రవించునవి, ప్రేవు విడువక కాపురముండునవి. వేలూరులో ఎన్ని క్రిములున్నవని యడిగిరి. అవి యేమి చేయుచున్నవని అడుగవలసి యుండెను.

రెండవది ఇంకను ముఖ్యము. వేలూరులో రోగులతో పోల్చుటకు ఎంచుకొన్న 'ఆరోగ్యవంతుడు' ఎవరు? అతని ప్రేవులోని కేసరములును పాశ్చాత్యుల కొలతతో కుఱుచలే యని ఆ వేలూరు పండితులే వ్రాసియున్నారు. ఇది జాతిలక్షణమా, భోజనలక్షణమా? కాదనుటకు చక్కని సాక్ష్యము కలదు. 1966లో లిండెన్‌బామ్ మొదలగువారు పాకిస్తానులో పనిచేసిన అమెరికా పీస్ కోర్ యువకుల ప్రేవులు అక్కడి నివాసములో ఇట్లే పాడగుటను ప్రకటించిరి. స్వదేశము చేరినవారి ప్రేవులు తిరిగి బాగుపడెను. దోషము ఆ నేలలో, ఆ నీటిలో నున్నది. దోషమున్న నేలపై దోషములేని సాక్షిని వెదకి, అతనిని ప్రమాణముగా నిలిపి, ఇద్దఱును సమానులే గనుక క్రిములు నిర్దోషులనుట తర్కమగునా? 2009లో మొదలై వేలూరుతో కూడ ఎనిమిది దేశములలో సాగిన మాల్-ఎడ్ పరిశోధనలోను, భేదులు లేని శిశువుల మలమునందు సైతము రోగకారక క్రిములు తఱచుగా కనబడెను. దీనిని చూచి క్రిములు నిరపరాధులని కొందఱనిరి. ఆ శిశువులు ఎదుగవలసినంత ఎదుగుచున్నారా యని నేనడుగుదును.

బేకరు, మాథన్ గారలపై నాకు గౌరవమే. ఒక్క క్రిమిని పేరుపెట్టి చూపలేకపోవుట వారి తప్పు కాదు, నా పక్షమువారును చూపలేదు. కాని ఒక యింట నొకరి వెంట నొకరు, ఒక గ్రామము వెంట నొక గ్రామము పడిపోవు వ్యాధిని పోషకలోపమని కొందఱు పిలుచుట మాత్రము నాకు సమ్మతము గాదు. లోపము అంటదు. 

ఇప్పుడు ఇచ్చటికి వచ్చెదను. 1931లో విజయనగరము–రాయపూరు రైలుమార్గము పూర్తియైన పిమ్మట పార్వతీపురము, బొబ్బిలి, శ్రీకాకుళము ప్రాంతముల నుండి మనవారు ఈ యూరికి వచ్చి, స్టేషను చుట్టుపట్ల, ఈ గుఢియారీలో స్థిరపడిరి. మీ తాతలు ఆ నీరు వదలి ఈ నీరు త్రాగిరి. మీ పెదతండ్రుల బిడ్డలు ఇంకను ఆ నీరే త్రాగుచున్నారు. రక్తమొక్కటే, వంటయు దాదాపు ఒక్కటే, నీరు రెండు. పీస్ కోర్ యువకులలో లిండెన్‌బామ్ గమనించిన ప్రయాణమును మీ కుటుంబములు రైలుబండిలో ఎవరును అడుగకుండనే చేసియున్నవి. ఈ రెండు శాఖలను పక్కపక్కన నిలిపి, పాత చికిత్సల కాగితములనుబట్టి, పిల్లల ఎత్తు బరువులనుబట్టి, త్రాగునీటి వివరములనుబట్టి చూడవలెనని నా ప్రస్తుత సంకల్పము. ఇప్పటికి కొన్ని యిండ్ల కాగితములే నా చేతికందినవి. వానిలో రైల్వే దవాఖానా చీటీ యొకటి కలదు: పసుపెక్కిన కాగితముపై రోగి బరువు వరుసగా మూడు మాఱులు తగ్గుచు వ్రాయబడి, క్రింద నొక మూలన 'కోరిక: ఊరికి పంపుడు' అని యున్నది. పంపిరో లేదో, పంపిన పిదప అతడు కోలుకొనెనో లేదో ఆ చీటీ చెప్పదు. మీ పెట్టెలలోని చీటీలు చెప్పవచ్చును.

కావున నా విన్నపము. పాత దవాఖానా కాగితములు, మందుల చీటీలు, 'ఒంట్లో బాగులేదు, తిన్నది ఇముడుట లేదు' అని ఊరినుండి గాని ఊరికి గాని వ్రాసిన ఉత్తరములు మీ యిండ్లలో నున్నచో చెదలకు విడువకుడు. నకలు వ్రాసికొని మూలమును మీకే తిరిగి యిచ్చెదను. పేర్లు నాకక్కఱలేదు, సంవత్సరము, ఊరు, త్రాగినది నూతినీరో కుళాయినీరో, అంత చాలును. సభ ముగిసిన పిదప నేను ద్వారమువద్దనే యుందును.