జవానుకు దండ ఒక్కటే చాలదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి గురించి నాలుగు తీపి మాటలు చెప్పి కూర్చోమని మిత్రులు చెప్పారు. కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పిల్లలకు ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. లెక్కలు చూడకుండా ఉండలేను. కాబట్టి ఒక లెక్క మీ ముందు పెడతాను.

స్వర్ణోత్సవానికి గుర్తుగా బడి గేటు దగ్గర ఫిరంగి నమూనా కట్టిద్దామని సంఘంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన బడిలో చదివి సైన్యంలో పనిచేసిన వాళ్ళ మీద ప్రేమతో వచ్చిన ప్రతిపాదన అది. ఆ మిత్రులు కొందరు ముందు వరుసలోనే ఉన్నారు. మంచులో, ఎండలో వాళ్ళు చేసిన కాపలాను నేను తక్కువ చేయను. ఆ గౌరవం ఉంచుకునే ఈ ప్రతిపాదన మీద నా అభ్యంతరం చెబుతున్నాను. మనిషిని గౌరవించడం వేరు, ఆయుధాన్ని పూజించడం వేరు.

ఫిరంగుల కథ తెలుసుకోవాలంటే గండికోట మన పక్కనే ఉంది. పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఆ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఒక సంగతి రాసిపెట్టాడు. ఫిరంగులు పోత పోయడానికి గుళ్ళలోని లోహ విగ్రహాలను మీర్ జుమ్లా తెప్పించాడట. యుద్ధానికి సొమ్ము కావలసి వచ్చినప్పుడు దేవుడికీ మినహాయింపు లేదన్నమాట.

ఇంకో సంగతి మన పేరులోనే ఉంది. హైదరాబాదు నిజాం తన రక్షణకని ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. ఆ సైన్యం ఖర్చు కింద 1800లో మన ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలు అన్న పేరు అట్లా వచ్చింది. రాయలసీమ అని మనం పేరు పెట్టుకున్నది 1928లో, నంద్యాల సభలో. అంటే 128 ఏళ్ళపాటు మన పేరే ఒక సైన్యం ఖర్చుకు రసీదు. ఆ రసీదు రాసేటప్పుడు ఇక్కడి రైతును ఎవరూ అడగలేదు.

1876-78 కరువు కథా అంతే. మన జిల్లాలో, పక్క జిల్లాలలో జనం తిండి లేక రాలిపోయారు. మళ్ళీ అట్లాంటి కరువొస్తే ఆదుకోవడానికని తెల్లదొరలు కొత్త పన్నులు వేశారు. ఆ డబ్బును అఫ్గాన్ యుద్ధానికి మళ్ళించారన్న విమర్శ ఆ రోజుల్లోనే గట్టిగా వచ్చింది.

ఇప్పుడు దేశం మనది. అడిగే హక్కూ మనదే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణశాఖకు 6,81,210 కోట్ల రూపాయలు కేటాయించారు. రోజుకు సుమారు 1,866 కోట్లు. నేను మాట్లాడే ఈ పావుగంటలో 19 కోట్లకు పైగా. అదే బడ్జెట్‌లో విద్యాశాఖకు 1,28,650 కోట్లు. ఆరోగ్యశాఖకు లక్ష కోట్లకు కొంచెం తక్కువ. రెండూ కలిపినా రక్షణ ఖర్చులో మూడో వంతు.

లెక్క న్యాయంగా చెప్పాలి. బడులకు, ఆసుపత్రులకు రాష్ట్రాలు పెట్టే ఖర్చే ఎక్కువ, అది ఇందులో లేదు. రక్షణ డబ్బంతా తుపాకులకు పోదు. 1,60,000 కోట్లకు పైగా మాజీ సైనికుల పింఛన్లే. జీతాలు, తిండి, బట్టలూ ఇందులోనే. ఇవన్నీ తీసేసినా మిగిలేది చిన్న మొత్తం కాదు. ఏ ఇంట్లోనైనా పెద్ద ఖర్చు గురించే కదా ముందు మాట్లాడుకుంటాం?

"సార్, 1962 మరిచిపోయినారా? గల్వాన్, పహల్గాం మరిచిపోయినారా?" అని మీరు అడగవచ్చు. మరిచిపోలేదు. సైన్యం వద్దని నేను అనడం లేదు. తలుపుకు గడియ ఉండాల్సిందే. అయితే గడియ ఎంత లావుండాలన్నది మాట్లాడుకోవాల్సిన సంగతే.

ఈ సంగతి మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మన ఊళ్ళలో ఫ్యాక్షన్ నడిచిన రోజులు ఇక్కడున్న పెద్దలకు తెలుసు. ఎదుటి ఇంట్లో పది నాటుబాంబులు ఉన్నాయని ఈ ఇంట్లో ఇరవై చుట్టేవారు. అది తెలిసి వాళ్ళు నలభై చుట్టేవారు. అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట: "మేం ఎవరి మీదికీ పోము, మమ్మల్ని కాపాడుకునేదానికే." అటు చీనీ చెట్లు నరికితే ఇటు అరటి తోట నరికేవారు. పంట డబ్బు బాంబులకు, వకీళ్ళకు పోయేది. పిల్లోళ్ళ చదువులు ఆగిపోయేవి. సినిమావాళ్ళు దాన్ని పౌరుషంగా చూపిస్తే మనకు కోపం వస్తుంది. ఎందుకంటే ఆ ఇళ్ళలో మిగిలిపోయిన ఆడవాళ్ళ ముఖాలు చూసినవాళ్ళం మనం. దేశాల మధ్య నడిచేదీ చాలావరకు ఇదే లెక్క. 2024లో ప్రపంచ దేశాలు సైన్యాలకు పెట్టిన ఖర్చు సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ తేల్చింది. అంత పెట్టినా, ప్రపంచం ముందటికంటే భద్రంగా ఉందని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

పొగడ్తతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. పొగడ్త ఎక్కువైతే ప్రశ్న తప్పయిపోతుంది. సియాచిన్ లాంటి ఎత్తైన చోట్ల జవాన్లకు మంచు కళ్ళద్దాలు, బూట్లు చాలినన్ని అందలేదని, తిండిలోనూ లోటుందని 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. ఆ ఆడిటర్లు దేశద్రోహులా? టీవీలో మీసం తిప్పిన వ్యాఖ్యాతల కంటే జవానుకు ఎక్కువ మేలు చేసింది వాళ్ళే.

మన పిల్లల సంగతికి వస్తాను. తెల్లవారుజామున బడి మైదానంలో కుర్రాళ్ళు పరుగు తీస్తుంటారు. అగ్నివీర్ కోసం. 2022లో వచ్చిన ఈ పథకంలో నౌకరీ నాలుగేళ్ళు. మొదటి ఏడాది నెలకు 30,000, చివర్లో చేతికి 11 లక్షల పైచిలుకు. నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మిగిలినవాళ్ళు ఇంటికే. పింఛను లేదు. బడ్జెట్ ఏటా పెరుగుతోంది, కోత మాత్రం జవాను దగ్గర పడింది. ఒక అబ్బాయిని అడిగాను, నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తావు అని. "అది అప్పుడు చూద్దాం సార్. ఇప్పుడైతే ఇంట్లో అప్పు తీరుతాది" అన్నాడు.

ఆ పిల్లోనిది దేశభక్తి కాదని నేననను. కానీ దాని పక్కనే పని లేనితనం కూడా ఉంది. జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి 2007 నుంచి 2023 లోపల నాలుగుసార్లు శంకుస్థాపన జరిగింది. ప్రొద్దుటూరు మగ్గాల మీద బతికే ఇళ్ళలో పిల్లలు మగ్గం ఎక్కమంటున్నారు. ఊళ్ళో దారి ఉండి కూడా సైన్యంలోకి పోతే అది త్యాగం. వేరే దారి లేక పోతే ఆ త్యాగంలో మన తప్పు కూడా కలిసి ఉంటుంది.

2025 మే నెలలో మన పొరుగున, శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన మురళీ నాయక్ కాశ్మీర్ సరిహద్దులో కాల్పుల్లో మరణించాడు. అగ్నివీరుడు. రాష్ట్రమంతా కన్నీళ్ళు పెట్టింది, ఊరూరా ఫ్లెక్సీలు లేచాయి. అయితే మామూలు జవాను మరణిస్తే ఆ కుటుంబానికి వచ్చే పింఛను అగ్నివీరుడి కుటుంబానికి రాదు. ఇద్దరి మీదికీ వచ్చే తూటా ఒకటే. ఫ్లెక్సీ కట్టినవాళ్ళం ఈ ప్రశ్న అడగకపోతే ఆ కన్నీళ్ళకు అర్థమేముంది?

అందుకని సంఘానికి, ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపాలు మూడు. ఫిరంగికి అనుకున్న డబ్బుతో, నాలుగేళ్ళ తర్వాత తిరిగొచ్చే మన బడి పిల్లలు చదువు కొనసాగించడానికో, ఒక పని నేర్చుకోవడానికో నిధి పెడదాం. గేటు దగ్గర పేర్ల పలక కావాలంటే తప్పకుండా పెడదాం. అందులో జవాన్ల పేర్ల పక్కన నర్సులు, లైన్‌మెన్లు, టీచర్ల పేర్లూ ఉండాలి. ఇక ఆగస్టు 15కు, జనవరి 26కు మన మాజీ సైనికులను పిలిచి దండ వేసి పంపించకండి. మైకు ఇవ్వండి. యుద్ధం గురించి, సెలవు దొరకని పండుగల గురించి, పింఛను ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల గురించి వాళ్ళనే చెప్పనివ్వండి. పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి.

అడిగే పిల్లలను తయారు చేయడమే బడి పని. ఆ పని ఈ బడి యాభై ఏళ్ళు చేసింది కాబట్టే నేను ఈ రోజు మీ ముందు నిలబడి ఇంత చెప్పగలిగాను.