మూడు భాషల మసీదు
(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



తిరువళ్ళూరు నుండి చెన్నపట్టణానికి వెళ్ళే దారిలో పూందమల్లి ఉన్నది. పూనమల్లి అనడం కూడా వాడుకే. అక్కడి పాత మసీదు 1653లో నిర్మితమైనది. కట్టించినవాడు పారశీక దేశంలోని అస్త్రాబాదుకు చెందిన జుల్ఫికర్ కుమారుడు రుస్తుం. అతడు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని ఉద్యోగి.

గోల్కొండ అధికారం ఇంత దూరం వచ్చిన తీరు తెలిసికొనదగినది. 1639లో ఆంగ్లేయులకు చెన్నపట్టణపు నేలనిచ్చినవారు దామెర్ల సోదరులు. వారిలో వేంకటాద్రి నాయకుడు వందవాసిలోను, అయ్యప్ప నాయకుడు పూందమల్లిలోను ఉండి, చంద్రగిరి రాయల పక్షాన పాలించారు. ఆ తరువాత పదేళ్ళలోపే మీర్ జుమ్లా సేనలు ఈ సీమను గోల్కొండ వశం చేశాయి. ఏలిక మారినాడు గాని, ప్రజల నోటిలోని తమిళం, తెలుగు మారలేదు.

ఆ సంగతికి మసీదు గోడలే సాక్ష్యం. వాటిపై పార్శీ శాసనంతోపాటు తమిళ, తెలుగు శాసనాలు కూడా ఉన్నాయి. కుతుబ్ షాహీలు తమ ఫర్మానాలను పార్శీతోపాటు తెలుగులోనూ వ్రాయించినవారు. ఆ సంప్రదాయమే ఇక్కడ రాతికెక్కింది.

మన దేశంలో మసీదుకు పడమటి గోడ ముఖ్యం. మక్కా దిక్కును సూచించే మెహరాబు అందులోనే ఉంటుంది. ముందు ఆవరణ, కాళ్ళూ చేతులూ కడుగుకొనడానికి నీటి వసతి ఉంటాయి. ఈ పద్ధతి అంతటా ఒక్కటే. రాయి, పని, లిపి మాత్రం ఆ ఊరివి. తిరువల్లిక్కేణిలో 1795లో వెలసిన వాలాజా మసీదును కొయ్య, ఇనుము వాడక బూడిదరంగు నల్లరాతితో కట్టారు. అందులోని పార్శీ కాలసూచక పద్యాన్ని రచించినవాడు రాజా మఖన్ లాల్ అనే హిందూ పండితుడు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది. ఎల్లలు మారినా ఇళ్ళలో తెలుగు నిలిచింది. బడిలో నిలుపుకొనడమే కష్టమవుతున్నది. 2006 నాటి చట్టంతో రాష్ట్రంలోని బడులలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళం నేర్వడం మేలే. ఆ గోడపై ఒక శాసనం చదవడానికి అదే ఆధారం. కాని తెలుగు అక్షరాలు మరచిన బిడ్డ, తన పూర్వుల కోసం చెక్కిన రాతి ముందు చదువురానివాడై నిలువవలసి వస్తుంది.

ఉపాధ్యాయులు ఒక దినం, మసీదు పెద్దల అనుమతితో, పిల్లలను అక్కడికి తీసికొనిపోవాలి. ఆనాటి అక్షరాల తీరు కొంత వేరు. కూడబలుకుకొని చదవవలసి ఉంటుంది. ఆ పంక్తులను పిల్లలు తమ నోట చదివిన నాడే ఈ ఉత్సవం సార్థకం.

స్వస్తి.