పిల్లల ఆకలియు పెద్దల అంగడి వేళలును
(మన సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి కిరాణా వర్తకమున దిగినవారము. పిల్లల ఆరోగ్యమును గూర్చి మాటలాడుమని సంఘమువారు కోరుటచే, చదివి తెలిసికొన్నంత మనవి చేయుచున్నాము.

బిడ్డ బొద్దుగా నున్నచో దిష్టి తీయుదుము. సన్నగా నున్నచో మరియొక ముద్ద పెట్టుదుము. లోపలి వ్యవహారము కంటికి కానరాదు. క్లోమమున పుట్టు ఇన్సులిన్ రక్తములోని చక్కెరను కండరములకు చేర్చును. కొవ్వుకణములనుండి వెలువడు లెప్టిన్, నిలువ చాలినంత గలదని మెదడునకు తెలుపును. దీనిని 1994లో న్యూయార్కున ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్న గ్రెలిన్ ఆకలిని రేపును. వర్తకుల భాషలో వీరు సరకు నిలువ తెలుపు గుమాస్తాలు. కొవ్వు మితిమీరినచో లెప్టిన్ ఎంత పెరిగినను మెదడు ఆలకింపదు. దినమునకు పదిమార్లు అదే చీటీ పంపు గుమాస్తాను యజమాని లక్ష్యపెట్టునా?

మావాడు సన్నగానే యున్నాడు, భయము లేదందురేమో. పూనా వైద్యుడు యాజ్ఞిక్ బృందము 2002లో ప్రకటించిన పరిశోధనలో, అచ్చటి శిశువులు లండను తెల్ల శిశువులకంటె తేలికగా నున్నను, వారి బొడ్డుత్రాటి రక్తమున ఇన్సులిన్ హెచ్చుగా నుండెను.

ఇక నిద్ర. 2004లో షికాగో పరిశోధకులు పన్నెండుగురు ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకొననిచ్చిరి. లెప్టిన్ 18 శాతము తగ్గెను. గ్రెలిన్ 28 శాతము పెరిగెను. తీపి, ఉప్పు తిండ్లపై మనసు పోయెను. వారు పిల్లలు కారు గనుక ఆ అంకెలను మన బిడ్డలకు అంటగట్టరాదు. అయినను 6 మొదలు 12 ఏండ్లవారికి 9 గంటలకు తగ్గని నిద్ర వలయునని అమెరికా నిద్రావైద్యులు 2016లో నిర్ణయించిరి.

మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? మా అంగడి తొమ్మిదిన్నరకు మూయుదుము. నాయన తెచ్చు పరోటా పొట్లమునకో, శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవాకో పిల్లలు కాచుకొనియుందురు. పండుకొనుసరికి పదకొండు. తెల్లవారి ఏడింటికి బడి బస్సు. ఉదయము ఇడ్లీ ముట్టడు గాని రాత్రి చక్కగా తినునని మా చిన్నవానిగూర్చి పదిమందితో గొప్పగా చెప్పుకొంటిమి! మా యింటావిడ ఎన్నిమార్లు చెప్పినను వినలేదు.

ఈ యేడు మార్చితిమి. పిల్లలు ఏడున్నరకే అవ్వతో భుజించి తొమ్మిదికి పండుకొందురు. అందరము కలసి తినుట ఉదయమునకు మారినది. మొదటి నెల, నిద్రించు బిడ్డల ప్రక్క ఒంటరిగా విస్తరి ముందు కూర్చొనుట మాకే కష్టమాయెను. ఇప్పుడు చిన్నవాడు ఉదయము తానే ఇడ్లీ అడుగుచున్నాడు.

విరుదునగరమున పుట్టిన కామరాజు ప్రభుత్వము 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనమేర్పరచెను. 2022 నుండి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఉపాహారమును గలదు. రాత్రి కూడు మాత్రము మన చేతిలోనిదే.

మన సంఘపు తెలుగు తరగతి రాత్రి 8 గంటలకు నడచుచున్నది. అంగళ్లవారి వీలుకొరకే గదా! దానిని ఆరింటికి జరుపవలెనని కోరుచున్నాము. ఐదు మొదలు ఆరు వరకు ఆట మానరాదు; ఆటలాడు కండరము కొద్దిపాటి ఇన్సులిన్‌తోనే చక్కెరను గ్రహించును. ఆరింటికి బేరము ముమ్మరమని యెరుగుదుము. అయినను మంగళ, శుక్రవారములు అంగడిని గుమాస్తాకు వదలి పాఠము చెప్పుటకు మేము సిద్ధము. తక్కిన దినములకు ముందుకు వచ్చువారు తమ పేర్లు కార్యదర్శిగారికి ఈయగోరుచున్నాము.