పొరుగూరనున్న అద్దెయిండ్లు



ఉద్యోగవిరమణానంతరము 2019 లో నేను తెనాలి విడిచి హైదరాబాదునందలి కుమారునియొద్దకు చేరితిని. అప్పటికి నాకు తెనాలిలో రెండిండ్లు కలవు. ఒకటి మా తాతగారినాటి మూడువాటాల పెంకుటిల్లు; రెండవది బడికి చేరువనున్న చిన్న డాబా. రెంటిని అద్దెకిచ్చి వచ్చితిని. నెలనెల అద్దె వచ్చును, ధర పెరుగును, అమ్ముట యేల యని నా తలంపు. మీలో పలువురను పిల్లలు పట్టణమునకు రమ్మని పిలుచుచునే యుందురు. కావున నా అనుభవమును మనవి చేసెదను.

మొదట పెంకుటింటి లెక్క వినుడు. వాటాకు 4,500 రూపాయల వంతున ఏటికి 1,62,000 రావలెను. 2022 లో ఒక వాటా రెండు నెలలు ఖాళీగా నుండుటచే 9,000 పోయినవి. ఇంటిపన్ను 6,000, పెంకునేతకును, గోడలకును 30,000, నా రాకపోకలకు 8,000. మిగిలినది 1,09,000. ఆ యింటిని నలువది లక్షలకు అడిగినవారు కలరు. నూటికి ఆరు వంతున వడ్డీ కట్టినను 2,40,000 అగును. అయినను అసలు పెరుగదు, స్థలము ధర పెరుగవచ్చును. అదియుగాక, ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి ముప్పదివంతులు ఆదాయపుపన్ను లెక్కలో మినహాయింతురు. వడ్డీకి ఆ మినహాయింపు లేదు. కావున లెక్క యొక్కటే తీర్పు చెప్పజాలదు.

అమ్మినచో లాభముపై పన్ను కలదు. 2024 జూలై 23 కు ముందు సంక్రమించిన యింటికి నూటికి పండ్రెండున్నర వంతున గాని, ధరల పెరుగుదలను లెక్కగట్టి ఇరువది వంతున గాని, తక్కువయైనది కట్టవచ్చును. 2001 ఏప్రిలు 1 కి ముందటి ఆస్తికి ఆనాటి విలువనే కొన్నధరగా చూపవచ్చును. తాతగారు కొన్న వందలరూపాయల వెలను చూపి నష్టపోవలదు.

ఇక అద్దెదారు పండ్రెండేండ్లున్నచో ఇల్లు అతనిదే యగునని రచ్చబండకడ వాడుక. ఇది సరికాదు. 1963 నాటి కాలపరిమితి చట్టములోని ఆ గడువు యజమాని హక్కును కాదని ఆక్రమించి యున్నవానికి సంబంధించినది. అద్దెదారుగా నున్నవాడు యజమాని హక్కును కాదనజాలడు. అయితే అతడు అద్దెకు వచ్చినాడనుటకు ఆధారమేది? నోటిమాటపై ఇల్లిచ్చి, రసీదులేక సొమ్ము పుచ్చుకొని, ఇంటిపన్ను సైతము అతనిచేతనే కట్టించువారు కలరు. చిక్కంతయు అచ్చటనే. ఏడాది మించిన అద్దెపత్రమునకు 1908 నాటి చట్టముచే రిజిస్ట్రేషను తప్పదు గనుక, పదునొకండు నెలల పత్రములు వాడుకలోనికి వచ్చినవి. గడువు తీరగనే వానిని మరల వ్రాయించుకొనవలెను. పంతులనైన నేనే మూడేండ్లు మఱచితిని.

ఆ యేటి వానకాలమున పోయి చూచితిని గదా, వెనుకగోడలో రావిమొక్క మోచేతిలావున పెరిగి గోడను రెండుగా చీల్చినది. అద్దెదారులు నాకు తెలుపలేదు; తెలిపినచో ఖాళీ చేయుమందునని వారి భయము. వారిని తప్పుపట్టజాలను. ఏటికొకసారియైన ఆ పెరటివైపు తొంగిచూచువాడు నాకు ఆ వీథిలో లేడు. డాబా సంగతి వేరు. ఎదురింట నా తమ్ముడున్నాడు. అందున్న దర్జీ కుటుంబము పదునొకండేండ్లుగా ఇంటిని తమదానివలెనే చూచుకొనుచున్నది. అద్దె తక్కువయే; హెచ్చింపుమని నా కుమారుడు పోరుచున్నాడు, నేను వినలేదు.

కడకు 2025 లో పెంకుటిల్లు అమ్మితిని, డాబా ఉంచుకొంటిని. మూడువాటాలవారికిని నాలుగు నెలల గడువిచ్చి, బయానాసొమ్ము ముందుగనే తిరిగి యిచ్చితిని. వారిలో అప్పడములు చేసి బ్రదుకు వృద్ధురాలొకతె కలదు. ఆమెకు తమ్ముడు ఆ వీథిలోనే ఒక గది కుదిర్చినాడు. నా భార్య కాపురమునకు వచ్చిననాడు పెట్టిన తులసికోట ఆ పెరటిలోనే యున్నది. పత్రముపై చేవ్రాలు చేయుటకు ఆమె రాలేదు. కొన్నవారు కోటను కదలింపమని మాట యిచ్చిరని చెప్పితిని. ఆమె యింకను బదులు చెప్పలేదు.